చూసి చెప్పేవాళ్లు

మా నాయన ఆళ్లగడ్డలో రాళ్లు దించే కూలీ. లారీ వచ్చిందంటే నలుగురైదుగురు మోకులు, గడ్డపారలు పట్టుకుని పోయి, దేవుళ్లు కావాల్సిన నల్లరాళ్లను మెల్లగా నేలమీదికి జార్చేవాళ్లు. మేము చర్చికి పోయేవాళ్లం, మా ఇంట్లో విగ్రహాలకు మొక్కడం లేదు. అయినా ఆ ఊరినుంచి ఊరూరికీ పోయిన దేవుళ్లలో ఎంతమంది మా నాయన చేతుల మీదుగా దిగారో చెప్పలేను.

బడి లేని రోజు నన్ను కూడా వెంట తీసుకుపోయేవాడు. ఎక్కువగా ఒక శిల్పి షెడ్డుకే పోయేవాళ్లం. ఆ శిల్పి పనిలో ఉంటే తల ఎత్తేవాడు కాదు. నేను ఒక మూలన కూర్చుని, పనికిరాని రాతిపలకల మీద సుద్దముక్కతో ఆయన చేస్తున్న బొమ్మనే గీసేదాన్ని. ఒకరోజు నా వెనకాల వచ్చి నిలబడ్డాడు.

"ఏందిమ్మా ఇది? తొండమా, పొట్లకాయా?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా నా చేతిలోని సుద్ద తీసుకుని, తొండం యాడ లావుగా మొదలవ్వాలో, యాడ సన్నబడాలో రెండు గీతల్లో చూపించి వెళ్లిపోయాడు. ఆ రెండు గీతలు చూస్తే నా తొండం నిజంగానే పొట్లకాయ లాగుంది.

తొంభైల్లో నేను డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రాసి, నంద్యాలలో ఒక బడిలో డ్రాయింగు టీచరుగా చేరాను. పెళ్లి కూడా ఆ రోజుల్లోనే. మా ఆయన రైలు పట్టాలు చూసుకునే గ్యాంగులో పనిచేసేవాడు. బడిలో డ్రాయింగు పీరియడంటే ఎవరికీ లెక్క లేదు. పరీక్షలు దగ్గరపడితే లెక్కల సారో, సైన్సు టీచరో వచ్చి "మీ పీరియడ్ నాకివ్వండి టీచర్" అనేవాళ్లు. నేను స్టాఫు రూములో కూర్చుని నా సొంత బొమ్మలు గీసుకునేదాన్ని. చెనిక్కాయలు వలిచే ఆడవాళ్లు, కుందూ ఏటి గట్టున దుప్పట్లు ఉతికేవాళ్లు, బస్టాండులో మూటల మీద కునికే ముసలోళ్లు. అన్నీ పోయి ట్రంకుపెట్టెలో పడేవి. మా ఆయన చూసి "బాగుంది" అనేవాడు. పప్పు గురించీ అదే మాట, బొమ్మ గురించీ అదే మాట.

మా బడి వీధి చివర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. యాభై దాటిన ఒక మేడం నడిపేది. ఊళ్లో ఎంతోమంది గుమాస్తాలకు ఆమే టైపు నేర్పింది. రెండువేలు దాటాక నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆమె టైపు మిషన్లన్నీ గోడవారకు జరిపి, గుడ్డలు కప్పి, మధ్యలో నాలుగు కంప్యూటర్లు పెట్టి, బయట ఇంటర్నెట్ అని బోర్డు రాయించింది. ఆ బోర్డు మీది అక్షరాలు ఒకవైపుకు ఒరిగిపోయి ఉంటే, రోజూ ఆ దారిన పోతూ చూడలేక, ఒకరోజు లోపలికి పోయి చెప్పాను. "అయితే నువ్వే రాయి" అంది ఆమె. ఆదివారం చర్చి అయినాక పోయి రాశాను. మా స్నేహం అట్లా మొదలైంది.

బోర్డు రాసిన రోజే ఆమె నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, బొమ్మలు గీసేవాళ్లు తమ బొమ్మలు పెట్టుకునే ఒక సైటు చూపించింది. ఫోను తీగ మీద నడిచే ఇంటర్నెట్ అది. బొమ్మ పైనుంచి కిందికి ఒక్కొక్క వరసే దిగేది. ముందు ఆకాశం, తర్వాత కొండ, తర్వాత ఇంటి కప్పు. ఇంటి వాకిలి వచ్చేసరికి కరెంటు పోయింది. ఆ వాకిట్లో ఎవరున్నారో చూడాలని మర్నాడు మళ్లీ పోయాను. ఎవరూ లేరు, ఒక కోడి ఉంది.

నా బొమ్మ కూడా పెడదామని ఆమే అంది. చెనిక్కాయలు వలిచే ఆడవాళ్ల బొమ్మ తీసుకుపోతే స్కాన్ చేసి, నా పేరుతో ఖాతా తెరిచి పెట్టింది. నాకు ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాయడం రాదు. రాసే పని ఆమెది. రెండు రోజుల తర్వాత చూస్తే బొమ్మ కింద పదకొండుమంది రాశారు. ఒకరు అద్భుతం అన్నారు. ఒకరు చాలా అందంగా ఉంది అన్నారు. ఒకరు ఆ గింజలేమిటని అడిగారు. పదకొండుమంది! నా బొమ్మను అంతమంది చూడడం నా బతుకులో అదే మొదటిసారి. ఇంటికి నడిచి పోతుంటే ఎదురొచ్చినవాళ్లందరికీ నవ్వు మొహం పెట్టి పలకరించాను.

తర్వాత నెలనెలా ఒకటి, రెండు పెడుతూ పోయాను. ప్రతిదానికీ అద్భుతం, అందం, అద్భుతం. ఒకసారి తొందరలో గీసిన ఒక ఎద్దు బొమ్మ పెట్టాను. దానికి ముందుకాళ్లు పొట్టివైపోయాయని నాకే తెలుసు. దాని కింద కూడా అద్భుతం అనే ఉంది. ఆ మాట చదివి నాకు ఇంట్లో పప్పు గుర్తొచ్చింది. వీళ్లు నిజంగా చూస్తున్నారా? నేను వాళ్ల బొమ్మల కింద బాగుంది అని రాస్తే వాళ్లు నా బొమ్మ కింద బాగుంది అని రాస్తున్నారా? నేనూ చూడకుండానే రాసినవి లేకపోలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

అందరిలో ఒక్కామె వేరుగా ఉండేది. తన ఫొటో బదులు ఒక పిల్లి బొమ్మ పెట్టుకునేది. చాలా దూరంలో, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉండే ఊరు ఆమెది. ఎద్దు బొమ్మ కింద ఆమె ఒక్కతే, "దీని ముందుకాళ్లు గీసేటప్పుడు మీకు తొందర పని ఏదైనా వచ్చిందా?" అని రాసింది. నాకు సిగ్గు వేసింది, సంతోషమూ వేసింది.

ఒక ఏడాది ఈస్టరు సెలవులకు ఆళ్లగడ్డ పోయినప్పుడు, శిల్పి షెడ్డులో కూర్చుని ఆయన ఎడమచెయ్యి గీశాను. ఉలి పట్టుకున్న చెయ్యి. ఎప్పుడో రాయి కింద పడి ఆయన చిటికెనవేలు రెండో కణుపు దగ్గర నలిగి, బయటివైపుకు వంగిపోయింది. ఆ వేలును గీయడానికే నాకు ఒక పూట పట్టింది. నంద్యాల వచ్చి ఆ బొమ్మ సైటులో పెట్టాను. నేను గీసినవాటిల్లో అంతవరకూ అదే మంచిది.

కొన్ని నెలలకు సైటు నడిపేవాళ్ల దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. టైపు మేడం చదివి, మెల్లగా చెప్పింది. ఆ చేతి బొమ్మ ఇంకో సైటులో ఇంకెవరో మగమనిషి పేరుతో ఉందట. ఆయనకు అక్కడ చాలా పేరుందట. అక్కడ చూసినవాళ్లు వచ్చి, నేనే దాన్ని దొంగిలించి పెట్టుకున్నానని ఫిర్యాదు చేశారట. తేలేదాకా బొమ్మ తీసేశారు. నా పేరు పక్కన విచారణలో ఉంది అని ఎర్ర అక్షరాలతో రాశారు.

నన్ను అంతవరకూ ఎవరూ దొంగ అనలేదు. అద్భుతం అని రాసినవాళ్లలో ఒకరిద్దరు "ముందే అనుమానం వచ్చింది" అని కూడా రాశారు. మేడం కోపంతో వేళ్లు విరుచుకుని, గట్టిగా ఒక జవాబు రాస్తానంది. నేనే వద్దన్నాను. తిట్టి ఏం నిరూపిస్తాం?

ఇంటికి పోయి మా ఆయనకు చెప్తే, "వదిలెయ్. మొగం తెలీనోళ్ల మాటకు ఏడుస్తాండావేంది?" అన్నాడు. నా బాధ తగ్గించాలనే అన్నాడు. కానీ మొగం తెలీనోళ్లు మెచ్చుకుంటే సంతోషపడినదాన్ని, వాళ్లు దొంగ అంటే ఎట్లా వదిలేస్తాను?

శనివారం బడి ఒంటిపూట. శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాను. శిల్పి షెడ్డు ముందు కూర్చుని ఉలులు నూరుతున్నాడు.

"ఏందిమ్మా, మొగం అట్లుంది?"

చెప్పాను. ఆయనకు ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలీదు. దేశదేశాలవాళ్లు బొమ్మలు తగిలించుకునే గోడ లాంటిదని చెప్పాను.

"ఆ గోడ యాడుంది?"

"యాడా లేదప్పా. ఎవురి కంప్యూటర్లో వాళ్లకు కనపడతాది."

"సరే. ఆ గోడ మీద నా చెయ్యి ఎవుడో ఎత్తకపోయి, నాదేనన్నాడు. అంతే కదా?"

"అంతేప్పా."

ఆయన ఎడమచెయ్యి నా ముందుకు చాపాడు. "బొమ్మ ఎత్తకపోయినోడు ఈ ఏలు కూడా ఎత్తకపోయినాడా? చూడు, ఈడనే ఉంది. నువ్వు గీసిన కాగితం యాడుంది?"

"పెట్టెలో ఉందప్పా."

"తీసకరా. దాని పక్కన నా చెయ్యి పెడ్తా. ఫొటో పట్టించు. నీ కాగితంలో యాడ ఇరిగిందో నా ఏలు ఆడనే ఇరిగి ఉంటాది. ఇంగేం కావాల వాళ్లకు?"

ఇంత సులభమైన సంగతి నాకూ మేడంకూ తట్టలేదు. మరుసటి వారం కాగితం తీసుకుని, నంద్యాలనుంచి ఒక ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని పోయాను. శిల్పి ఉలి పట్టుకుని, కాగితం పక్కన చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఫొటో తీస్తుండగా తల వంచి కాగితాన్ని చూసి, "బొటనేలి గోరు తప్పు గీసినావు. నాది అంత వెడల్పు ల్యా" అన్నాడు. ఫొటోగ్రాఫరు నవ్వితే కెమెరా కదిలి, మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఆ ఫొటో పంపిన నాలుగో రోజు పిల్లి బొమ్మ ఆమె అందరికీ కనపడేట్టు రాసింది. "వేలి వంకర సరిపోయింది. అది ఒక్కటే కాదు. ఈ కాగితాన్ని పెద్దది చేసి చూడండి. గీతల కింద చెరిపేసిన గీతలు కనపడుతున్నాయి. ఈమె ఆ వేలును నాలుగైదుసార్లు తప్పుగా గీసి దిద్దుకుంది. అవతలి బొమ్మలో ఆ మరకలు తుడిచేసి ఉన్నాయి. బొమ్మను ఎత్తుకుపోవచ్చు, తప్పులను ఎవరెత్తుకుపోతారు?"

సైటువాళ్లు క్షమాపణ చెప్పి బొమ్మ తిరిగి పెట్టారు. ఎర్ర అక్షరాలు పోయాయి. అవతలి సైటులోంచి కూడా దాన్ని తీసేశారు. ముందే అనుమానం వచ్చిందన్నవాళ్లలో ఒకాయన, తొందరపడ్డానని రాశాడు. ఇంకొకరు ఏమీ రాయలేదు. ఆ తర్వాత మా సైటులో ఒక కొత్త అలవాటు వచ్చింది. బొమ్మతో పాటు సగం గీసినప్పటి కాగితం కూడా పెట్టేవాళ్లు. కొందరు సగం బొమ్మలే పెట్టి, ఇక్కడ కుదరడం లేదు, ఏం చేయాలి అని అడిగేవాళ్లు. మునుపు ఎవరూ అట్లా అడిగేవాళ్లు కాదు.

ఈ సంగతి చెప్పడానికి ఆళ్లగడ్డ పోతే శిల్పి అంతా విని, "నా ఏలు చూసినాయమ్మ బొమ్మలు ఎట్లుంటాయి? తీసకరా, చూస్తా" అన్నాడు.

మేడం ఒక బొమ్మ ప్రింటు తీసి ఇచ్చింది. సముద్రం ఒడ్డున వల భుజాన వేసుకుని నిలబడిన ముసలాయన. నాకు చాలా నచ్చిన బొమ్మ. శిల్పి దాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఈయప్ప నిలబడల్యా. వేలాడతాండాడు. బరువు ఏ కాలి మీదుందో ఆయమ్మను అడుగు."

నంద్యాల వచ్చి మేడంకు చెప్పాను. ఆమెది మర్యాద ఇంగ్లీషు. "మీ బొమ్మ ఎంతో అద్భుతంగా ఉంది. వీలైతే కాళ్ల విషయం కొంచెం ఆలోచించగలరేమో" అన్నట్టు రాసింది. పిల్లి బొమ్మ ఆమె దగ్గరనుంచి చాలా కృతజ్ఞతలు అని జవాబు వచ్చింది. ఆ మాట పోయి శిల్పికి చెప్పాను.

"కాలు మార్చిందా?"

"మార్చలేదప్పా."

"అయితే నా మాట పోల్యా. మీరు తోవలో యాడో పారేసినారు."

మేడంకు రోషం వచ్చింది. ఈసారి ఆయన అన్నది అన్నట్టే పెట్టింది. మీ ముసలాయన నిలబడలేదు, వేలాడుతున్నాడు, బరువు ఏ కాలి మీద ఉంది అని. కింద నా పేరు, ఇది ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చేసే పెద్దాయన మాట అని ఇంకో వాక్యం.

మర్నాటికి గొడవ మొదలైంది. ఇంత మోటుగా మాట్లాడేది ఎవరు, కళాకారులను ప్రోత్సహించడం తెలీదా అని చాలామంది రాశారు. ఒకరు మమ్మల్ని పంపించెయ్యమన్నారు. నేను భయపడి వారం రోజులు మేడం దగ్గరికి పోలేదు. పోయేసరికి పిల్లి బొమ్మ ఆమె కొత్త బొమ్మ పెట్టి ఉంది. కాళ్లు మార్చింది. దాన్ని ఆళ్లగడ్డ తీసుకుపోతే, శిల్పి "ఇంగా కాల్యా" అన్నాడు. ఆమె మళ్లీ గీసింది. మడమ గురించి ఒక మాట చెప్పాడు. మళ్లీ గీసింది. నాలుగోసారి ప్రింటు చూసి, దాన్ని మోకాలి మీద పెట్టుకుని, "ఇప్పుడు నిలబడినాడు" అన్నాడు.

అంతే రాశాం. ఆ ఒక్క మాట కింద పిల్లి బొమ్మ ఆమె, "నాకు ఇప్పటిదాకా వచ్చిన మెప్పులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు" అని రాసింది. మొదటి బొమ్మనూ నాలుగో బొమ్మనూ పక్కపక్కన పెట్టింది. చూసినవాళ్లకు ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ వారమే ఇద్దరు తమ బొమ్మలు పంపి, "ఆ రాతి పెద్దాయన్ను అడిగి చెప్పండి" అన్నారు. తర్వాత ఐదారుగురు. ఒక్కోసారి నా చేతిసంచిలో పిల్లల డ్రాయింగు పుస్తకాల కంటే ఆ ప్రింట్లే ఎక్కువ ఉండేవి. నన్ను పంపించెయ్యమన్నాయన కూడా ఒక బొమ్మ పంపాడు. శిల్పి దాన్ని చూసి "ఈయప్పకు చెయ్యి మంచిది" అన్నాడు. అది కూడా అన్నది అన్నట్టే రాశాం.

సైటు పెరిగిపోయింది. రోజూ కొత్తవాళ్లు చేరేవాళ్లు. దానితో పాటు తగాదాలూ పెరిగాయి. ఎవరి బొమ్మ ఎవరిదో చూసి తేల్చడానికి సైటువాళ్లు కొందరిని పెట్టారు. అందులో పిల్లి బొమ్మ ఆమెను, నన్ను చేర్చారు. ఒకసారి ఒక గుర్రం బొమ్మ నాదంటే నాదని ఇద్దరు వచ్చారు. ఇద్దరూ సగం గీసిన కాగితాలు కూడా చూపించారు. ఎవరు ఎవరిని చూసి చేశారో తెలియలేదు. శిల్పిని అడిగాను.

"ఇద్దరినీ ఒకటే అడుగు. ఆ గుర్రం అవతలి పక్కనుంచి ఎట్లుంటాదో గీసి పంపమను. గీసినోడికి గుర్రం మొత్తం తెలిసుంటాది. దొంగకు ఒగ పక్కే తెలుసు."

అట్లనే అడిగాం. ఒకామె రెండు రోజుల్లో గీసి పంపింది. అవతలి కాలికి ఒక గాయం మచ్చ కూడా ఉంది. అది వాళ్ల తాత గుర్రమట. రెండో మనిషి మళ్లీ కనపడలేదు. ఆ తర్వాత ఏ తగాదా వచ్చినా అవతలి పక్క గీయమనడం మాకు మామూలైపోయింది.

ఈ మాటలన్నీ చెప్పిన శిల్పి తన పనిని మాత్రం ఎప్పుడూ ఆ గోడ మీదికి రానివ్వలేదు. "నా బొమ్మ చూడాలంటే గుడికి పోతారు" అనేవాడు.

రెండువేల ఏడో, ఎనిమిదో. అవుకు పక్కన ఒక ఊరివాళ్లు ఆయన దగ్గరికి ఒక ఫొటో తెచ్చారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏండ్లు మందుల సంచి భుజాన వేసుకుని నడిచి తిరిగి కాన్పులు చేసిన నర్సమ్మది. మా చర్చి మనిషే. ఆమె పోయాక, ఆమె చేతుల్లో పుట్టినవాళ్లందరూ కలిసి, ఊరి ఆస్పత్రి ముందర నడుము దాకా ఆమె విగ్రహం పెట్టుకోవాలనుకున్నారు. శిల్పి ఒప్పుకున్నాడు. ఆయన చేతిలో మనుషుల విగ్రహాలు తక్కువే.

విగ్రహం ఒక రూపుకు వచ్చాక నేను పోయి చూశాను. ముఖం అచ్చం ఆమెదే. కళ్లకింద అలసట, పెదవుల చివర నవ్వు, అన్నీ ఉన్నాయి. నేను అట్లాగే చూస్తూ ఉంటే ఆయన ఉలి పక్కన పెట్టి, "దీన్ని మీ గోడ మీద పెడ్తావా?" అన్నాడు.

నేను నమ్మలేకపోయాను. "పెట్టమంటావా అప్పా?"

"పెట్టు. ఆ ఫొటో కూడా పక్కన పెట్టు. ఊరందరికీ చెప్పేటోణ్ని, నాకు కూడా ఎవురన్నా చెప్పనీ."

పెట్టాం. అన్ని బొమ్మల్లో దేనికీ రానన్ని మాటలు వచ్చాయి. ఇన్నాళ్లూ మాటే విన్నాం, చెయ్యి ఇప్పుడు చూశాం అని రాశారు. నేను పిల్లి బొమ్మ ఆమె మాట కోసం చూశాను. ఆమె మూడు రోజులు ఏమీ రాయలేదు. నాలుగో రోజు రాసింది. మేడం చదివి వినిపించి, "ఇది ఆయనకు చెప్పగలవా?" అని నన్నే అడిగింది.

ఆదివారం చర్చినుంచి నేరుగా బస్సెక్కాను. దారంతా ఎట్లా చెప్పాలా అనుకుంటూ పోయాను. నాలుగు మెత్తటి మాటలు ముందు చేర్చుదామనుకున్నాను. షెడ్డులో అడుగు పెట్టగానే ఆయన, "ఆయమ్మ ఏమనింది?" అన్నాడు. ఇంకెవరేమన్నారో అడగలేదు.

మేడం తెలుగులో రాసి ఇచ్చిన కాగితం తీసి ఉన్నదున్నట్టు చదివాను. "ముఖం చాలా బాగుంది. కానీ ఫొటోలో ఈమె ఎడమ భుజం కుడిదాని కంటే కిందికి ఉంది. విగ్రహంలో రెండూ సమానంగా ఉన్నాయి. మా అమ్మ బతికినన్నాళ్లూ చేపల బుట్ట మోసింది. ఆమె కూడా ఇట్లాగే ఒరిగి నడిచేది. ఈ భుజాన్ని ఎందుకు సరిచేశారు?"

ఆయన లేచి పోయి ఫొటో తెచ్చాడు. దారం తీసి ఫొటోలోని రెండు భుజాల మీదుగా పట్టాడు. విగ్రహం మీదా పట్టాడు. చాలాసేపు దాని ముందే నిలబడ్డాడు. తర్వాత నావైపు తిరక్కుండానే, "పోయిరామ్మా" అన్నాడు. ఎప్పుడు పోయినా టీ తాగకుండా పంపేవాడు కాదు. ఆరోజు ఆ మాట ఎత్తలేదు.

నంద్యాల తిరిగొస్తూ బస్సులో ఏడ్చాను. ఈ వయసులో ఆయనకు ఆ కాగితం చదివి వినిపించడం నాకెందుకు అనిపించింది. బడికి పోతున్నా, వస్తున్నా అదే ఆలోచన. రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం మేడం బడికే వచ్చింది. "మీ పెద్దాయన ఫోను చేశాడు. నువ్వు రావాలంట. తొందరగా రమ్మన్నాడు" అంది.

మర్నాడు సెలవు పెట్టి పోయాను. విగ్రహం ఎండలోకి జరిపి ఉంది. ఎడమ భుజం ఒక వేలి మందం కిందికి దిగింది. దానికి తగ్గట్టు మెడ దగ్గర చీర మడత కూడా మారింది. అంత చిన్న మార్పే. కానీ రాతి మనిషి కాస్తా, ఇప్పుడే ఏదో ఇంటినుంచి బయటికొచ్చి వాకిట్లో నిలబడిన మనిషిలాగ అయిపోయింది.

శిల్పి నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"నలభై ఏండ్లు దేవుళ్లను చేసినానమ్మా. నిలబడిన దేవునికి రెండు భుజాలూ ఒగటే సమం. చెయ్యికి అదే అలవాటైపోయింది. దేవుడు సంచి మొయ్యల్యా. ఈయమ్మ మోసింది." భుజం మీది రాతిపొడి తుడుస్తూ, "రాయి ఎక్కువుండింది కాబట్టి సరిపోయింది. తక్కువుంటే ఏం చేస్తుంటినో" అన్నాడు.

"నామీద కోపం వచ్చిందా అప్పా?"

"వచ్చింది. రెండు దినాలు. మూడో దినం మళ్లీ దారం పట్టి చూస్తే ఆయమ్మ చెప్పింది నిజం. నిజమైనంక కోపం యాడుంటాది?"

అప్పుడు టీ తెప్పించాడు.

విగ్రహం పెట్టిన రోజు మేడం, మా ఆయన, నేను కలిసి పోయాం. ఊరంతా ఆస్పత్రి ముందు చేరింది. చంటిబిడ్డలను ఎత్తుకున్నవాళ్లు, నడుము వంగినవాళ్లు. చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. గుడ్డ తీశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నర్సమ్మ చెల్లెలు మాత్రం కొట్టలేదు. డెబ్బై ఏండ్లుంటాయి ఆమెకు. మెల్లగా విగ్రహం దగ్గరికి పోయి, చెయ్యి ఎత్తి ఎడమ భుజం మీద వేసింది. సంచి దించుకోమని చెప్పడానికి మనిషి భుజం మీద చెయ్యి వేస్తారే, అట్లా.

"అక్కే" అంది. "ఈ పక్కనే ఒరిగేది. సరిగ్గా నడువు అంటే ఇనేది కాదు."

శిల్పి జనంలో వెనక ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకుని, ఎవరూ గుర్తుపట్టకుండా నిలబడ్డాడు. ఆమె మాట విని నావైపు చూశాడు. నేను జనాన్ని తప్పించుకుంటూ ఆయన దగ్గరికి పోయాను.

"ఆయమ్మకు రాయించు" అన్నాడు.

"ఏమని రాయమంటావప్పా?"

ఆయన విగ్రహం వైపు చూశాడు. ముందర నర్సమ్మ చెల్లెలు ఇంకా ఆ భుజాన్ని వదల్లేదు. ఆమె వెనక జనం వరసకట్టి ఎదురుచూస్తున్నారు.

"వాళ్ల అమ్మ పేరేందో అడుగు" అన్నాడు. "ఫొటో ఉంటే పంపమను. ఒగ చిన్న రాయి ఉంది నా దగ్గర."